బట్ నంబర్ లేని పిస్టల్

బడంగ్‌పేట్,
సోమవారం రాత్రి

బిడ్డా,

మొన్న ఫోన్లో “తాతా, ఏ పిస్టల్ కొనుక్కోమంటవ్?” అని అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేదు. వినపడలేదేమో అనుకుని నువ్వు ఇంకోసారి గట్టిగా అడిగావు. మొదటిసారే వినపడింది. ముప్పై అయిదేళ్లు పోలీసు ఆయుధాల గదిలో ఆర్మరర్‌గా పనిచేశాను. “ఇది పనిచేస్తదా, చెయ్యదా?” అని అడిగినవాళ్లు వందలమంది. “నాకు ఏది సరిపోతది?” అని అడిగినవాళ్లు నీకు ముందు ఒక్కరూ లేరు. అలా అడిగే వీలే మా దగ్గర ఎవరికీ ఉండేది కాదు. అందుకే నోట మాట రాలేదు.

ఫోన్లో చెప్పేంత చిన్న జవాబు కాదు కాబట్టి రాస్తున్నా. గురువారం మీ అమ్మ వస్తానంది, ఆమె చేతికిచ్చి పంపుతా. ఆదివారం రేంజ్‌కు పోయేటప్పుడు చదువుకో. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేలోపు రెండుసార్లు చదవొచ్చు.

మాకు ఆయుధం ఎంచుకోవడమనేది ఉండేది కాదు, ఇచ్చింది తీసుకోవడమే. తుపాకీ వెనక భుజానికి ఆనే కర్ర భాగాన్ని బట్ అంటాం. ప్రతి బట్ మీదా పెయింటుతో ఒక నంబర్ ఉండేది. కొత్త కానిస్టేబుల్ వచ్చిన రోజే రిజిస్టర్‌లో అతని పేరు పక్కన ఒక బట్ నంబర్ పడేది. ఇక డ్యూటీకి పోయే ప్రతిసారీ బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే ఆయుధాల గది కిటికీ దగ్గరికొచ్చి పేరు కాదు, నంబర్ చెప్పేవాడు. నేను ర్యాక్‌లోంచి తీసి, తెరిచి చూపించి, సంతకం తీసుకుని ఇచ్చేవాణ్ణి. ఇప్పటికీ ఏ పెళ్లిలోనో కలిస్తే పాతవాళ్లు తమ బట్ నంబర్ చెప్పి “గుర్తుందా సార్?” అంటారు. కొందరి పేర్లు మర్చిపోయాను గానీ నంబర్లు గుర్తున్నాయి.

పాత .303 రైఫిళ్ల గురించి నీకొక సంగతి చెప్పాలి. లీ-ఎన్‌ఫీల్డ్ చేసినవాళ్లకు మనుషుల చేతులు ఒకే పొడుగు ఉండవని తెలుసు. అందుకే బట్‌లను పొట్టివి, మామూలువి, పొడుగువి అని వేరువేరు కొలతల్లో చేశారు. పొట్టిదాని మీద ‘ఎస్’, పొడుగుదాని మీద ‘ఎల్’ అక్షరం కొట్టి ఉండేది. ఆ అక్షరాలు మా స్టోర్‌లో ఎవరికీ పట్టేవి కావు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి ఎల్ బట్ పడేది. చెయ్యి చాలక మెడ వంచి, భుజం ముందుకు తోసి, ఎట్లాగో కాల్చేవాడు. దవడ మీద వాపుతో తిరిగొచ్చేవాడు. ఫైరింగ్‌లో తక్కువ మార్కులు వచ్చాయని మాట పడేవాడు. “నీది గురి తప్పడం కాదురా, అది నీ కొలత కాదు” అని చెప్పాలనిపించేది. చెప్పీ లాభం లేదని ఊరుకునేవాణ్ణి. ఆయుధానికి మనిషే సర్దుకోవాలి. మా ఉద్యోగమంతా అట్లాగే గడిచింది.

నీ ఆట దానికి పూర్తిగా తిరగేసిన లెక్క. మీ కోచ్ గారి పిస్టల్ పిడి చూశావు గదా. ఆక్రోటు చెక్కను చేతి గుంటలకు, ఎత్తులకు తగ్గట్టు చెక్కి, కింద అరచేతి మడమ ఆనడానికి ఒక చిన్న అరుగు పెట్టి, దాన్ని స్క్రూతో పైకీ కిందికీ జరుపుకునేట్టు చేస్తారు. చిన్నచేతికి ఒక సైజు, పెద్దచేతికి ఒక సైజు. ఎడమచేతివాళ్లకు వేరే. అదీ చాలకపోతే కర్ర గీసుకోవచ్చు, చెక్కపిండి పెట్టి నింపుకోవచ్చు. మణికట్టు మాత్రం ఏ ఆసరా లేకుండా బయటే ఉండాలి. మొత్తం పిస్టల్ 420 మిల్లీమీటర్ల పొడుగు, 200 ఎత్తు, 50 మందం ఉన్న పెట్టెలో పట్టాలి. ఆ హద్దుల్లో ఉన్నంతవరకు ఆ చెక్క నీ ఇష్టం. ముప్పై అయిదేళ్లు వేలాది ఆయుధాలు తుడిచాను, నా చేతి కొలతకు చేసింది ఒక్కటీ పట్టుకోలేదు. నీకు పదహారేళ్లకే ఆ అవకాశం వచ్చింది. అందుకే తొందరపడొద్దని ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు పిస్టల్ చేతికి తీసుకునే పద్ధతి. ఇది నీకు మీ కోచ్ నేర్పారని తెలుసు. అయినా నా నోటితో కూడా విను.

1983 వానాకాలం. ఆ ఊరు, ఆ ఆఫీసు పేర్లు వద్దు. కొత్త 9 ఎంఎం పిస్టళ్లు చెక్కపెట్టెలో వచ్చాయి, ఒక్కొక్కటీ మైనం కాగితంలో చుట్టి, గ్రీజు పూసి. కిరసనాయిల్‌తో ఆ గ్రీజంతా కడిగి, గొట్టంలో చిందీ గుడ్డ లాగి, ఒక్కొక్కటి పెరట్లో ఇసుక బస్తాల మీద కాల్చి చూశాం. కొత్త ఆయుధం అంటే ఎవరికైనా ఉబలాటమే. కుర్రాళ్లు అయిదారుగురు చుట్టూ చేరారు. నాకూ గొప్పగానే ఉంది. చివరి పిస్టల్ కాల్చి తెచ్చి టేకు టేబుల్ దగ్గర మ్యాగజైన్ తీసేశాను. ఇక ఖాళీయే అనుకున్నాను. స్లయిడ్ వెనక్కి లాగి చూడలేదు. సుత్తి దించుదామని గొట్టం టేబుల్ మీదికి పెట్టి ట్రిగ్గర్ నొక్కాను.

ఛాంబర్‌లో ఒక రౌండ్ ఉండిపోయింది. టేబుల్ చీల్చుకుని కిందున్న ఇసుక బకెట్‌లోకి పోయింది. అవతలి వైపు ఒక కొత్త కానిస్టేబుల్ చాయ్ తాగుతూ నిలబడి ఉన్నాడు. గుండు అతని మోకాలికి జానెడు పక్కనుంచి పోయింది. అతను అరవలేదు, కదల్లేదు. చేతిలో గ్లాసు కూడా పడిపోలేదు, దానిలో చాయ్ మాత్రం వణుకుతూ ఉంది. ఆ రోజు మేమిద్దరం మాట్లాడుకోలేదు. మర్నాడు పొద్దున అతను రెండు గ్లాసుల చాయ్ తెచ్చి ఒకటి నా ముందు పెట్టాడు. తప్పంతా నాదే. తెలియక చేసింది కూడా కాదు, తెలిసీ చూడకపోవడం. ఆ టేబుల్‌లో పడిన చిల్లులో నా చిటికెన వేలు మొదటి కణుపు దాకా దిగేది. అక్కడ పనిచేసినన్నాళ్లూ పొద్దున రాగానే ఆ చిల్లులో వేలు పెట్టి, ఆ తర్వాతే తాళాలు తీసేవాణ్ణి.

నీది గాలి పిస్టలే. లోపలుండేది అర గ్రాము సీసం, నాలుగున్నర మిల్లీమీటర్ల పెల్లెట్. అయినా కంటికి తగిలితే కన్ను పోతుంది. ఎవరైనా “ఇదిగో, చూడు” అని కొత్త పిస్టల్ ఇస్తే లోడింగ్ తలుపు తెరిచి ఉందా, గొట్టంలోంచి నారింజరంగు సేఫ్టీ ఫ్లాగ్ బయటికి కనిపిస్తోందా చూసి మరీ తీసుకో. ఇచ్చినవాళ్లు చూసే ఇచ్చారు గదా అని వదిలెయ్యకు. ఇచ్చేది ఒలింపిక్స్‌కు పోయొచ్చిన మనిషైనా సరే, నువ్వు మళ్లీ చూడు. గొట్టం టార్గెట్ వైపే ఉండాలి. పక్కన స్నేహితురాలు పిలిచిందని తిరిగితే చేతిలో పిస్టల్ కూడా తిరుగుతుంది. ముందు దాన్ని కింద పెట్టి, తర్వాత తిరుగు.

ఇక అసలు సంగతి. కొత్త పిస్టల్ చేతికి రాగానే అందరూ చేసే పని, పెల్లెట్ పెట్టి కాల్చి స్క్రీన్ మీద నంబర్ చూడడం. ఆ పని చివరికి ఉంచుకో. ముందు ఖాళీ పిస్టల్‌తో ఇట్లా చెయ్యి. కాళ్లు నువ్వు రోజూ నిలబడేట్టే పెట్టు. ఎడమచెయ్యి జేబులో పెట్టుకో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ తుర్కీ ఆయన యూసుఫ్ దికేచ్ జేబులో చెయ్యి పెట్టి వెండి పతకం కొట్టాడని నువ్వు ఫొటో పంపావు గుర్తుందా? అది స్టైల్ కోసం కాదు. కాల్చని చెయ్యి ఊగితే ఒళ్లంతా ఊగుతుంది, అందుకే దాన్ని కట్టేసినట్టు పెట్టుకోవాలి. అట్లా నిలబడి పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తు. భుజం ఎక్కడ సుఖంగా ఆగుతుందో అక్కడ ఆపు. ఒక ఊపిరి తీసి వదిలి కళ్లు తెరువు.

ఇప్పుడు చూడు. వెనకున్న బ్యాక్‌సైట్ గాడి మధ్యలో గొట్టం కొసనున్న ఫోర్‌సైట్ నిలబడి, రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉంటే ఆ పిడి నీ చేతిని ఎరిగినట్టు. ఫోర్‌సైట్ ప్రతిసారీ ఎడమకే ఒరిగితే, కుడికే ఒరిగితే, కిందికి ముక్కు వేస్తే, ఆ చెక్క నీ మణికట్టును దాని దారికి తిప్పుతోందన్నమాట. కళ్లు తెరిచి ఉన్నప్పుడు ఆ వంకరను నువ్వు తెలియకుండానే సరిచేసుకుంటావు. నలభయ్యో షాట్ దగ్గర చెయ్యి అలిసిపోయి సరిచేయడం మానేస్తుంది. అప్పుడు తొమ్మిది ఎనిమిది అవుతుంది, ఎనిమిది ఏడవుతుంది. నువ్వు నీ మనసునే తిట్టుకుంటావు, నిజానికి వంకర చెక్కలో ఉంటుంది. పదిసార్లు ఎత్తు, పదిసార్లు చూడు. ఒక్కసారి కుదిరితే కుదిరినట్టు కాదు. ఒరుగుతోంటే ఆ పిస్టల్ పనికిరాదనీ కాదు. అరుగు జరిపి, వీలైతే గ్రిప్ కోణం కొంచెం మార్చి మళ్లీ చూడు. అప్పటికీ ఒరిగితే పక్కన పెట్టు.

ట్రిగ్గర్ వేలు చెక్కకు ఎక్కడా తగలకూడదు. తగిలితే నొక్కే ప్రతిసారీ పక్కకు ఒక చిన్న తోపు పడుతుంది. నీకు తెలియదు, పది మీటర్ల అవతల కాగితానికి తెలుస్తుంది. పది మార్కుల వలయం అడ్డంగా కొలిస్తే 11.5 మిల్లీమీటర్లు, మీ నాన్న చొక్కా గుండీ అంత. అంత దూరాన ఆ గుండీని తాకాలంటే తోపుకు చోటెక్కడిది? ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలని రూల్. పోటీకి ముందు గొట్టం నిలువుగా పైకి పెట్టి అర కిలో తూకంరాయి ట్రిగ్గర్‌కు తగిలించి ఎత్తిస్తారు. రాయి లేవకుండానే ట్రిగ్గర్ విడిపోతే ఆ పిస్టల్‌ను లోపలికి రానివ్వరు. ఆ అర కిలో అన్ని పిస్టళ్లలోనూ ఒకేలా అనిపించదు. కొన్నింట్లో మొదటి మెట్టు పొడుగ్గా వచ్చి, ఒక గోడ తగిలినట్టు ఆగి, ఆ తర్వాత గాజుముక్క విరిగినట్టు తెగుతుంది. కొన్నింట్లో జారినట్టు పోతుంది. ఏది మంచిదని నన్నడగకు. డ్రై ఫైర్ మీట వేసుకుని, గాలి లేకుండా యాభైసార్లు నొక్కి చూడు. నీ వేలికి ఎప్పుడు తెగుతుందో ముందే తెలిసిపోతోంటే నాకు ఆ ట్రిగ్గర్ నచ్చదు. ముందే తెలిస్తే మనిషి బిగుసుకుంటాడు.

చిన్నప్పుడు నీకు ద్రోణాచార్యుల కథ చెప్పాను. చెట్టు, కొమ్మ, ఆకులు ఏవీ కనిపించక అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించిందని. పిస్టల్ దగ్గర ఆ కథ నిన్ను తప్పుదారి పట్టిస్తుంది బిడ్డా. కన్ను ఒకేసారి దగ్గరదీ దూరందీ స్పష్టంగా చూడలేదు. నీకు నిక్కచ్చిగా కనిపించాల్సింది ఫోర్‌సైట్ అంచు. టార్గెట్ మీది నల్లటి గుండ్రం మసగ్గానే ఉండాలి. కొత్త పిస్టల్ చూసేటప్పుడు దీన్ని కూడా చూసుకో. ఫోర్‌సైట్ వెడల్పు, బ్యాక్‌సైట్ గాడి వెడల్పు నీ చెయ్యి పొడుగుకు, నీ చూపుకు కుదరాలి. అన్ని మంచి పిస్టళ్లలో ఇవి మార్చుకునే వీలుంటుంది. ఎదురుగా కనిపిస్తున్న వెలుతురు సందు ఇరుగ్గా ఉందనిపిస్తే “ఇంకొంచెం తెరవండి” అని మొహమాటపడకుండా అడుగు.

ఇవన్నీ అయ్యాక పెల్లెట్ పెట్టు. పెట్టాక కూడా మార్కులు చూడకు. ఆ సైట్లు వేరేవాళ్ల కంటికి తిప్పి పెట్టినవి, పది పడకపోతే అది నీ లోటూ కాదు, పిస్టల్ లోటూ కాదు. పది షాట్లు కొట్టి చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో చూడు. ఎడమ మూలకు పోయి అన్నీ ఒక్కచోట కుప్పగా పడితే ఆ పిస్టల్ నీతో మాట్లాడుతున్నట్టు. సైట్ స్క్రూ నాలుగు క్లిక్కులు తిప్పితే ఆ కుప్పంతా మధ్యకు వస్తుంది. రెండు పదులు పడి మిగతావి నాలుగు దిక్కులా చెదిరితే ఆ రెండు పదులూ నిన్ను మోసం చేస్తాయి. కొత్త పిస్టల్ కొన్న చాలామంది ఆ రెండు పదులను చూసే కొంటారు.

ఒకే రోజు అయిదు పిస్టళ్లు అయిదేసి నిమిషాలు చూస్తానన్నావు. వద్దు. అట్లా చూస్తే చివరిది బరువనిపిస్తుంది, మొదటిది గొప్పదనిపిస్తుంది, అంతే. పోటీలో అరవై షాట్లు, 75 నిమిషాలు. దాదాపు కిలో బరువున్న ఇనుమును ఒంటిచేత్తో అన్నిసార్లు ఎత్తాలి, దించాలి. మొదటి పది షాట్లకు ఏ పిస్టలైనా మంచిదే. ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకొకటి తీసుకుని, గంట చొప్పున గడుపు. కోచ్ గారిని అడిగితే కాదనరు. ఆట తెలిసినవాళ్లకు ఈ అవసరం తెలుసు.

ఇక పేర్లు. ఆస్ట్రియా స్టేయర్, స్విట్జర్లాండ్ మొరీని, ఇటలీ పార్దీని, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్. నువ్వు చెప్పిన అయిదూ ఇవే. అయిదింటితోనూ గెలిచినవాళ్లున్నారు, కాబట్టి పేరు చూసి వదిలెయ్యాల్సింది ఏదీ లేదు. ఆర్మరర్‌గా నేను చూసేది వేరే. రబ్బరు సీళ్లు పోతే మన ఊళ్లో దొరుకుతాయా? దాన్ని విప్పి బిగించగల మనిషి ఇక్కడున్నాడా, లేక ప్రతిసారీ పెట్టె కట్టి పంపాలా? సెకండ్ హ్యాండ్‌ది చూపిస్తే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడు. 200 బార్ల గాలి పట్టే గొట్టం అది. కంపెనీవాళ్లు సాధారణంగా పదేళ్ల గడువు పెడతారు, గడువు దాటినదాన్ని పోటీలో వాడనివ్వరు. పిస్టల్ చవగ్గా వచ్చిందని సంబరపడి రెండు కొత్త సిలిండర్లు కొంటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

నువ్వు మెచ్చుకునే మను భాకర్ సంగతి చూడు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జూలైలో, పది మీటర్ల పోటీ మధ్యలో ఆమె పిస్టల్ మీట విరిగింది. బాగుచేసుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 కొట్టి పన్నెండో స్థానంలో ఆగిపోయింది. పారిస్‌లో అదే పది మీటర్ల పోటీలో కంచు, మిక్స్‌డ్ టీంలో సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి ఇంకో కంచు. టోక్యోకూ పారిస్‌కూ మధ్య మూడేళ్లు ఉన్నాయి. అందరూ ఆమె మనోధైర్యం గురించే చెబుతారు. నిజమే. నాకు మాత్రం ఆ విరిగిన మీటే కళ్లముందు కదులుతుంది. ఎందుకంటే ఆ మీటను రోజూ తుడిచి, కదిపి, అరుగుదల చూసుకోవడమే నా బతుకంతా నేను చేసిన పని. నువ్వు ఏది కొన్నా, దాన్ని విప్పడం, తుడవడం, బిగించడం ముందు నేర్చుకో. ఇది మాత్రం నేనే దగ్గర కూర్చుని నేర్పుతా.

మన ఊరి అమ్మాయి ఈషా సింగ్ కథ నీకు నాకన్నా బాగా తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు గచ్చిబౌలి రేంజ్‌లో మొదలుపెట్టి, పదమూడేళ్లకు 2018 జాతీయ పోటీల్లో పెద్దవాళ్ల విభాగంలో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ గెలిచింది. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఒక బంగారం, మూడు వెండి. నాకు ఆ పతకాల కన్నా ఇంకో సంగతి ఎక్కువ నచ్చింది. మొదట్లో వాళ్ల నాన్న ఇంట్లోనే కాగితం టార్గెట్లతో ఒక రేంజ్ తయారుచేసి ఇచ్చాడట. కారు ర్యాలీల్లో పరుగులు పెట్టిన మనిషి, కూతురు కదలకుండా నిలబడడం నేర్చుకోవడానికి చోటు చేసిపెట్టాడు. మీ నాన్న కొత్త బండి కొనడం వాయిదా వేసుకున్నాడని మీ అమ్మ చెప్పింది. ఆ సంగతి పిస్టల్ ఎంచుకునేటప్పుడు నీ మీద బరువు కావొద్దు. ఖరీదైనది తీసుకుంటేనే ఆయన త్యాగానికి లెక్క సరిపోతుందని అనుకోకు, చవకది తీసుకుని ఆయనకు మిగిల్చాలనీ అనుకోకు. నీ చేతికి కుదిరింది తీసుకో. ఆయన అడిగిందీ అదే.

పాయింట్ టూ టూ పిస్టల్ కూడా చూస్తానన్నావు. 25 మీటర్లది. చూడు, తప్పులేదు. చెవులకు రక్షణ పెట్టుకుని, రేంజ్ ఆఫీసర్ పక్కన ఉండగా, క్లబ్ ఆయుధంతో. దాని ట్రిగ్గర్ కనీసం కిలో బరువు. చప్పుడు, కుదుపు, కాలిన మందు వాసన, అన్నీ వేరే లోకం. అది నిజమైన తుపాకీ. చట్టం కూడా దాన్ని అట్లాగే చూస్తుంది, సొంత లైసెన్సు మాట తర్వాత చూద్దాం. అప్పటిదాకా గాలి పిస్టల్‌తో గడిపిన ఒక్క రోజూ వృథా పోదు. కుదుపు లేని దాని మీద నేర్చుకున్న నిలకడే తర్వాత కుదుపును ఓర్చుకుంటుంది.

కొన్న తర్వాతి సంగతులు రెండు. పిస్టల్ పెట్టెతో మెట్రో ఎక్కలేవు, సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు. మీ నాన్న బండి మీదో, మేనమామ కారులోనో పోవాలి, ముందే మాట్లాడి పెట్టుకో. రెండోది, ఫొటోలు. దయచేసి పిస్టల్ ఎవరి వైపైనా గురిపెట్టి గానీ, కెమెరా వైపు పెట్టి గానీ ఫొటో దిగకు. బడంగ్‌పేట్‌లో మన వీధి చివర ఆడుకునే పిల్లలు నీ ఫోన్లో బొమ్మ చూసి అదే చేస్తారు. నీ పిస్టల్ కాగితం కోసం పుట్టింది. నేను తుడిచినవన్నీ మనుషుల కోసం చేసినవి. ప్రతి ఒక్కటీ వాడకుండా తిరిగి రావాలనే కిటికీలోంచి ఇచ్చేవాణ్ణి. కొన్ని వాడి తిరిగొచ్చేవి. అప్పుడు గొట్టంలో చిందీ లాగుతుంటే నల్లగా వచ్చే మసి చూసి ఆ రాత్రి అన్నం సహించేది కాదు. మీ అమ్మమ్మకు తెలుసు, అడగకుండా మజ్జిగ పెట్టేది. నువ్వు కాల్చి తెచ్చిన పిస్టల్‌ను తుడిచినప్పుడు నాకు అట్లాంటి రాత్రి ఉండదు. నువ్వు ఈ ఆట పట్టావని తెలిసిన రోజు నేను ఎందుకంత సంతోషపడ్డానో మీ అమ్మకు అర్థం కాలేదు. ఇదీ సంగతి.

ఆయుధాల మాటే గనక ఇంకో సంగతి. ఆదివారం మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది గదా, ఒకసారి తలెత్తి చూడు. ఆ పేరు ఫిరంగులు పోయించిన ఒక ఫ్రెంచి మనిషిది. మాస్యే రేమండ్ అని నిజాం అలీ ఖాన్ కొలువులో సేనాపతిగా ఉండేవాడు. మన జనం నోట్లో మూసా రాం అయ్యాడు. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అంటామే, అది 1795లో ఆయన పెట్టించిందే. 1798లో పోయాడు. సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. చిన్నప్పుడు మీ అమ్మను అక్కడికి తీసుకుపోయాను. ఈసారి నిన్ను తీసుకుపోతా.

మార్చిలో ఇంటర్ పరీక్షలున్నాయి, అప్పుడు ప్రాక్టీస్ ఆపాల్సి వస్తుందని బెంగపడుతున్నావట. ఆ బెంగ వద్దు. దసరా రోజు మా ఆయుధాల గదిలో తుపాకులన్నీ వరసగా పేర్చి, బొట్లు పెట్టి, జమ్మి ఆకులు వేసేవాళ్లం. పాండవులు ఏడాది పాటు ఆయుధాలు జమ్మిచెట్టు మీద పెట్టి, విరాటుడి కొలువులో వేరే పనులు చేసుకున్నారు. దించుకున్న రోజున అర్జునుడి చెయ్యి గాండీవాన్ని మర్చిపోలేదు. నెల రోజులు నీ పెట్టె మీ నాన్న బీరువాలో తాళం వేసి పెట్టు, పెల్లెట్ల డబ్బా వేరే చోట. రోజూ పది నిమిషాలు నీళ్ల సీసా పట్టుకుని గోడ ముందు నిలబడు, చాలు.

కొన్నాక ముందు ఇక్కడికే తీసుకురా. పిడి గీసే పని నాది. ఆకురాళ్లు చిన్నవి రెండు తీసి తుప్పు వదలగొట్టాను, ఇసుక కాగితం నున్నటిది తెచ్చిపెట్టాను. రైఫిల్ కర్రలకు రాసే అవిసె నూనె ఒక సీసా ఇంకా ఉంది. చెక్క చేతికి ఎక్కడ ఒత్తుతుందో కంటికి కనిపించదు. అరచేతికి పల్చగా కాటుక రాసుకుని పిస్టల్ గట్టిగా పట్టుకుని వదిలితే, ఒత్తిన చోట నల్ల మరక పడుతుంది. ఆ మరక మీద ఒక్క గీత గీయాలి, తుడవాలి, మళ్లీ కాటుక రాయాలి, మళ్లీ పట్టుకోవాలి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా పడుతుంది. వరండాలో వెలుతురు బాగుంటుంది, అక్కడ చాప వేస్తా.

కాటుక డబ్బా ఇమ్మని ఇందాకే మీ అమ్మమ్మను అడిగాను. ఎందుకని అడిగింది. నువ్వొచ్చాక చెబుతానన్నాను.

మీ తాత